పారాయణ పోటీలో పాయింట్ల లెక్క

షాబాన్ నెల సగం దాటిందంటే చాలు, మన ఇళ్ళలోని ఫోన్లలో కొత్త గ్రూపులు పుట్టుకొస్తాయి. రమజాన్‌లో రోజుకొక పారా అన్నది ఒకటి. నెలలో ఒక సీరత్ గ్రంథం పూర్తి చేయాలన్నది మరొకటి. పిల్లల కోసం రోజుకొక ప్రవక్త గాథ అన్నది ఇంకొకటి. మదనపల్లెలో కాపురముంటున్న ఆడపడుచు, పుంగనూరులోని పుట్టింటివారు, కుప్పంలో ఉద్యోగం చేస్తున్న పెద్దకొడుకు, అతని ఇల్లాలు, కువైట్‌లో ఉన్న చిన్నకొడుకు అందరూ ఒకే పట్టికలోకి వచ్చి చేరతారు. చదివినవారు రాత్రికి తమ పేరు ఎదురుగా గుర్తు పెట్టాలి, నెలాఖరుకు ఎవరికెన్ని పాయింట్లో లెక్క తేలాలి. ఏర్పాటు చూడముచ్చటగా ఉంటుంది.

మూడు రోజులు గడిచాక ప్రశ్నలు మొదలవుతాయి. తరావీహ్‌లో విన్న పారాకు పాయింటు ఉందా? నేను యాసీన్ సూరా రోజూ చదువుతాను, ప్రతిసారీ లెక్కిస్తారా? నిన్న చదివింది ఇవాళ నమోదు చేయవచ్చా? తెలుగు అనువాదం చదివితే ఎంత? పాప సగం చదివి నిద్రపోయింది, సగం పాయింటు ఇస్తారా? గ్రూపు నడిపే ఆపా ఒకరికి ఒక జవాబు, మరొకరికి ఇంకొక జవాబు చెప్పేసరికి మనసులు చివుక్కుమంటాయి. "పుణ్యకార్యంలో ఈ లెక్కలేమిటి?" అని ఒక పెద్దాయన మందలిస్తారు. ప్రశ్నలు ఆగిపోతాయి, వాటితోపాటు కొందరి చదువు కూడా ఆగిపోతుంది.

ఆ మందలింపుతో నేను ఏకీభవించలేను. మన ధర్మం లెక్కను చిన్నచూపు చూడలేదు. ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పును వ్రాసిపెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి చెబుతుంది. ఖుర్ఆన్‌లోని ఒక్కో అక్షరానికి ఒక పుణ్యం, ఆ పుణ్యానికి పదింతల ప్రతిఫలం అని తెలిపే హదీసును తిర్మిజీలో హజ్రత్ ఇబ్ను మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు. అలిఫ్ లామ్ మీమ్ ఒక అక్షరం కాదు, మూడు అక్షరాలని దైవప్రవక్త (స) అక్కడే విడమరచి చెప్పారు. అంటే ఏది ఒకటి, ఏది మూడు అనే సందేహానికి తావు లేకుండా తేల్చారన్నమాట. పోటీ పెట్టేవారు నేర్చుకోవలసింది ఈ స్పష్టతనే.

ముందుగా తేలవలసింది కొలమానం. సూరాకు ఒక పాయింటు అని పెడితే ఏమవుతుందో చూడండి. ఖుర్ఆన్‌లో 114 సూరాలున్నాయి. వాటిలో అల్ బఖరాకు 286 ఆయతులు, అల్ కౌసర్‌కు 3. అల్ బఖరా రెండు పారాలు నిండి మూడో పారాలోకి కూడా సాగుతుంది. అమ్మ పారా అని మనం పిలిచే ముప్పయ్యో పారా ఒక్కదానిలోనే 37 సూరాలున్నాయి. చివరి పారా చదివినవారికి ఒక్క పూటలో 37 పాయింట్లు వచ్చిపడతాయి. మొదటి నుంచి పద్ధతిగా చదువుతున్నవారు మూడో రోజుకు రెండు పాయింట్లతో నిలబడి ఉంటారు.

పోనీ, పేజీకి ఒకటి అందామా? మదీనా ముద్రణలో పేజీకి 15 పంక్తులు, మొత్తం 604 పేజీలు. మన ఇళ్ళలోని భారతీయ ముద్రణల్లో 13 పంక్తులవి ఉన్నాయి, 16 పంక్తులవీ ఉన్నాయి. నానీ చేతిలోని పెద్దక్షరాల ముస్‌హఫ్‌కు పేజీలు ఎక్కువ. ఫోన్లో చదివే మనవడికైతే అక్షరం పెద్దది చేసిన ప్రతిసారీ పేజీల సంఖ్య మారిపోతుంది. ఆయతుకొకటి అన్నా చిక్కే. పైన చెప్పిన అప్పు ఆయతు మదీనా ముద్రణలో ఒక పేజీ అంతా ఆక్రమిస్తుంది. అర్రహ్మాన్ సూరాలో 78 ఆయతులున్నా అవి చకచకా సాగిపోతాయి.

ముప్పై పారాలు మాత్రం నిడివిలో ఇంచుమించు సమానం. మన ప్రాంతపు ముద్రణల్లో ప్రతి పారాకూ పావు, సగం, ముప్పావు గుర్తులు అంచున కనిపిస్తాయి. కాబట్టి పావు పారాను ఒక పాయింటుగా పెట్టుకోవడం మేలు. మొత్తం ఖుర్ఆన్‌కు 120 పాయింట్లు వస్తాయి. ముస్‌హఫ్ ఏదైనా, ఫోను ఏదైనా లెక్క మారదు. సగంలో నిద్రపోయిన పాపకు కూడా రెండు పాయింట్లు దక్కుతాయి. యాసీన్ వంటి నిత్య పారాయణాలను పాయింట్ల వరుసలో కలపకుండా వాటికి వేరే గడి ఉంచితే, అవి ఎన్నిసార్లు చదివినా పేచీ రాదు.

కొలమానం కుదిరినంత మాత్రాన న్యాయం కుదిరినట్టు కాదు. ఇంట్లో హాఫిజ్ అయిన అబ్బాయి ఒక పారాను అరగంటలో ముగిస్తాడు. అదే ఇంట్లో పెళ్ళయ్యాక, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అరబీ అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న అత్తగారికి పావు పారాకు గంటకు పైగా పడుతుంది. ఇద్దరినీ ఒకే పట్టికలో ఒకే వరుసలో నిలబెడితే ఎవరు ముందుంటారో మొదటి రోజే తెలిసిపోతుంది. ఇక పోటీ ఎందుకు? ఖుర్ఆన్‌లో నిష్ణాతుడైనవాడు గౌరవనీయులైన దైవదూతల సరసన ఉంటాడని, తడబడుతూ కష్టపడి చదివేవానికి రెండు ప్రతిఫలాలున్నాయని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. గమనించండి, నిష్ణాతుని స్థానం తగ్గించలేదు. తడబడేవాని శ్రమను మాత్రం విడిగా లెక్కలోకి తీసుకున్నారు.

దైవప్రవక్త (స) గుర్రప్పందాలు నిర్వహించిన తీరు ఈ విషయంలో ఇంకా ఆసక్తికరం. పందానికి ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన గుర్రాలను అల్ హఫ్‌యా నుంచి సనియ్యతుల్ విదా వరకు పరుగెత్తించారు. తర్ఫీదు లేనివాటిని సనియ్య నుంచి బనూ జురైఖ్ మస్జిద్ వరకే పరుగెత్తించారు. మొదటి దూరం అయిదారు మైళ్ళు, రెండోది ఒక మైలు అని ఉల్లేఖకులు వివరించారు. ఈ సంగతి చెప్పిన హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఆ పందెంలో స్వయంగా పాల్గొన్నారు. శక్తిని బట్టి దూరం అన్నమాట. మన గ్రూపుల్లోనూ ఇది సాధ్యమే. ప్రతి ఒక్కరూ రమజాన్‌కు ముందే తమ లక్ష్యాన్ని తామే ప్రకటించుకోవాలి. హాఫిజ్‌కు రెండు ఖత్ములు కావచ్చు, అత్తగారికి అయిదు పారాలు కావచ్చు, మూడో తరగతి చదివే పిల్లవానికి చివరి పది సూరాలు కావచ్చు. లక్ష్యంలో ఎంత భాగం పూర్తయింది అన్నదే పాయింటు. అయిదు పారాలకు అయిదూ పూర్తి చేసిన అత్తగారు, రెండు ఖత్ములలో ఒకటిన్నర చేసిన హాఫిజ్ కంటే ముందుంటారు. అందులో ఆ హాఫిజ్ చిన్నబోవలసిందేమీ లేదు.

లక్ష్యం మరీ పెద్దది పెట్టుకోకుండా ఎవరైనా ఆపాలి కూడా. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతి రాత్రీ ఖుర్ఆన్ పూర్తి చేసేవారు. నెలకొకసారి చదవమని దైవప్రవక్త (స) చెబితే, నాకు అంతకంటే ఎక్కువ శక్తి ఉందని ఆయన పట్టుబట్టారు. చివరకు ఏడు రోజుల దగ్గర ఆ సంభాషణ ఆగింది, అంతకు మించవద్దన్న మాటతో. వయసు మళ్ళి బలహీనపడ్డాక, ఆనాడు ఇచ్చిన సడలింపును స్వీకరించి ఉంటే బాగుండేదని ఆయన అనుకున్నట్టు బుఖారీలో ఉంది. పాయింట్ల ఊపులో మూడు ఖత్ములకు పేరిచ్చే కుర్రవాళ్ళకు ఈ సంఘటన వినిపించడం గ్రూపు పెద్దల పని.

వినడం లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్నకు వస్తాను. దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ ఇబ్ను మస్‌ఊద్ (రజి)ను ఖుర్ఆన్ వినిపించమన్నారు. మీపై అవతరించినదాన్ని మీకే వినిపించనా అని ఆయన ఆశ్చర్యపోయారు. ఇతరుల నోట వినడం నాకు ఇష్టమన్నది దైవప్రవక్త (స) జవాబు. అన్నిసా సూరాలోని 41వ ఆయతు వచ్చేసరికి ఇక చాలన్నారు. తలెత్తి చూస్తే ఆయన కళ్ళ వెంట నీరు కారుతోంది. వినడానికి విలువ లేదని ఎవరనగలరు? అయినా చదవడమూ వినడమూ రెండు వేరు వేరు పనులు. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో వెళ్ళివచ్చే ఉద్యోగి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక పారా విన్నాడు. తరావీహ్‌లో నిలబడి మరొకరు విన్నారు. వారికి శ్రవణం అనే గడిలో పాయింట్లు వేయండి. పారాయణపు గడిలో కాదు. రెండు గడులూ ఒకే మొత్తంలో చేరాలా వద్దా అన్నది గ్రూపు ఇష్టం, కానీ మొదటి రోజే చెప్పాలి.

అనువాదం విషయంలో మన సీమ ఇళ్ళ పరిస్థితి ప్రత్యేకమైనది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బడిలో చదివేది తెలుగు, నమాజులో వినేది అరబీ. ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన కుప్పంలోనైతే వీధి మలుపు తిరిగితే తమిళం, మరో మలుపులో కన్నడం. ఉర్దూ లిపి రాని తరం ఎదిగివచ్చింది. వారు ఖుర్ఆన్ అర్థాన్ని తెలుసుకునేది తెలుగులోనే. రాయలసీమ అనే పేరును 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు గారే ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించిన తొలి పండితుడు కూడా కావడం మన ప్రాంతానికి దక్కిన ముచ్చట. ఇప్పుడు మనకు అనేక అనువాదాలు అందుబాటులో ఉన్నాయి. ఒక రుకూ అనువాదం చదివి అర్థం చేసుకున్న డిగ్రీ విద్యార్థినికి సున్నా వేసే పట్టిక, ఆమె చేసిన అసలైన కృషిని చూడలేకపోతోందనే చెప్పాలి. దానికీ ఒక గడి కావాలి.

తెలుగు లిపిలో రాసిన అరబీని చూసి చదవడం మాత్రం వేరే సంగతి. సీన్, సాద్, సే అనే మూడక్షరాలకూ మన లిపిలో ఒక్క 'స' తప్ప దారి లేదు. అక్షరం మారితే అర్థం మారుతుంది. అందుకే ఉలమాలు దానిపైనే ఆధారపడి ఉండిపోవద్దంటారు. ఇలా చదివేవారి పాయింట్లు కోసేయడం కంటే, వారికి అరబీ అక్షరాలు నేర్చుకునే లక్ష్యం ఇవ్వడం మంచిది. ఖాయిదాలో ఒక పాఠానికి ఒక పాయింటు. నేర్పినవారికి కూడా ఒకటి వేస్తే మరీ బాగుంటుంది.

ఇక గడువు. రాత్రి పన్నెండులోగా నమోదు చేయాలన్నది చాలా గ్రూపుల్లో నియమం. ఎవరి పన్నెండు? పుంగనూరులో పన్నెండయితే కువైట్‌లో తొమ్మిదిన్నర, దుబాయ్‌లో పదిన్నర. అప్పటికి చిన్నకొడుకు తరావీహ్ ముగించుకుని గదికి చేరుతుంటాడు. పైగా అక్కడ నెలవంక సాధారణంగా ఒక రోజు ముందే కనిపిస్తుంది. 2025లో కువైట్, సౌదీలలో మార్చి 1న మొదటి ఉపవాసమైతే మనకు మార్చి 2న. ఇంగ్లీషు తేదీల పట్టిక పెట్టుకుంటే ఒకరు ఎప్పుడూ ఒక పారా ముందున్నట్టు కనిపిస్తారు. రమజాన్ తేదీనే ప్రమాణంగా తీసుకుని, ఎవరి ఊరి మగ్రిబ్ నుంచి మగ్రిబ్ వరకు వారికి ఒక రోజు అనుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. మన క్యాలెండరులో రాత్రి ముందు, పగలు తరువాత కదా. రోజుకొక పారా చొప్పున లెక్కవేసుకున్నవారు నెల 29 రోజులకే ముగిసే అవకాశాన్నీ గుర్తుంచుకోవాలి. 2025లో ఇక్కడా అక్కడా 29 ఉపవాసాలే వచ్చాయి. ముప్పయ్యో పారా మిగిలిపోయినవారు పండుగ రాత్రి సేమియా పొయ్యి మీద పెట్టి దాన్ని పూర్తి చేయవలసి వచ్చే నియమం అంత తెలివైనది కాదు. 27వ రాత్రికే ముగిసేలా ప్రణాళిక వేసుకుంటే ఒకటి రెండు రోజులు చేతిలో ఉంటాయి.

ఇంతవరకు చెప్పినవన్నీ సర్దుకోగలిగినవి. ఇప్పుడు చెప్పబోయేది అలా కాదు. కుటుంబ గ్రూపుల్లో మామగారు ఉంటారు, మరుదులు ఉంటారు, ఆడపడుచుల భర్తలు ఉంటారు. పట్టికలో కోడలి పేరు ఎదురుగా వరుసగా ఆరు రోజులు ఖాళీగా కనిపిస్తుంది. కారణం తెలిసినవారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. తెలియని పిల్లవాడో, ఆలోచన లేని పెద్దవాడో "భాభీ, ఎందుకు ఆగిపోయారు?" అని అందరి ముందూ అడుగుతాడు. ఆ అమ్మాయి ఏం చెప్పాలి? నెలసరి రోజుల్లో పారాయణం చేయకూడదన్నది మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్ నియమం. ఆమె ఆ ఆదేశాన్నే పాటిస్తోంది. అయినా పట్టిక ఆమెను బద్ధకస్తురాలిగా చూపుతుంది. సిగ్గుకొద్దీ చదవని రోజున చదివినట్టు గుర్తు పెట్టడం, లేదా ఏదో సాకు చెప్పి గ్రూపు నుంచి తప్పుకోవడం, ఈ రెండే ఆమెకు మిగులుతాయి. ఖుర్ఆన్ చదివించడానికి పెట్టిన పట్టిక ఒక సోదరి చేత అబద్ధం రాయిస్తోందంటే, తప్పు ఆ పట్టికను తయారుచేసినవారిది.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. స్త్రీ పురుషులందరికీ నెలలో పది రోజులు సెలవుగా ఇవ్వండి. కారణం ఎవరూ చెప్పనక్కరలేదు, ఎవరూ అడగకూడదు. ప్రయాణంలో ఉన్నవాడు, జ్వరం పడ్డవాడు, తెల్లవారకముందే మదనపల్లె టమోటా మార్కెట్‌కు సరుకు తోలుకుపోయే రైతు, పరీక్షలున్న విద్యార్థి అందరికీ ఆ రోజులు అక్కరకొస్తాయి. అప్పుడు ఏ ఒక్కరి ఖాళీ గడీ విడిగా కనిపించదు. ఆ రోజుల్లో విన్న పారాలకు, చదివిన హదీసులకు, సీరత్ పుటలకు పాయింట్లు ఉండనే ఉన్నాయి. అంతకంటే మంచిది, ఎవరి రోజువారీ లెక్క వారు లెక్క చూసేవారికి మాత్రమే విడిగా పంపడం. స్త్రీల లెక్క ఒక స్త్రీయే చూడాలి. గ్రూపులో మాత్రం కుటుంబమంతా కలిసి ఇవాళ్టికి ఎన్ని పావు పారాలు చదివిందో ఆ ఒక్క అంకె వేస్తే చాలు. పేర్లతో వరుస క్రమం వేయకపోతే ఉత్సాహం తగ్గిపోతుందని కొందరంటారు. కొంత తగ్గవచ్చు. కానీ నలుగురు చూడాలని చదివే బుద్ధికి కూడా దారి మూసుకుంటుంది. సంకల్పాలను బట్టే కర్మలన్న హదీసుతో బుఖారీ గ్రంథం మొదలవడం మనకు తెలిసినదే.

చదివారో లేదో ఎలా తెలుస్తుంది? కొన్ని గ్రూపుల్లో ముస్‌హఫ్ ఫోటో అడుగుతారు, కొన్నిచోట్ల వాయిస్ మెసేజ్. పెద్దల విషయంలో ఇవి అనవసరమని నా అభిప్రాయం. పేజీ ఫోటో ఆ పేజీ తెరిచినట్టు చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. పిల్లలకు మరో పద్ధతి ఉంది. దుబాయ్ పాలకుడు షేక్ ముహమ్మద్ బిన్ రాషిద్ ఆల్ మక్తూమ్ 2015లో ప్రారంభించిన అరబ్ రీడింగ్ ఛాలెంజ్‌లో ఒక్కో విద్యార్థి ఏడాదిలో 50 పుస్తకాలు చదవాలి. చదివిన ప్రతి పుస్తకం సారాంశాన్నీ పాస్‌పోర్టు అని పిలిచే చిన్న పుస్తకంలో తన మాటల్లో రాయాలి. 2016లో తొలి విజేతగా నిలిచింది అల్జీరియాకు చెందిన ఏడేళ్ళ బాలుడు. అన్ని దేశాల పిల్లల మధ్య అతన్ని నిలబెట్టింది పేజీల సంఖ్య ఒక్కటే కాదు, చదివినదాన్ని తిరిగి చెప్పగలగడం. మన ఇంట్లో దీనికి పాస్‌పోర్టు కూడా అక్కరలేదు. పిల్లవాడు పుంగనూరులోని నానీకి ఫోను చేసి ఇవాళ చదివిన గాథను రెండు నిమిషాలు చెబితే పాయింటు. నానీ ఔనంటే ఔను, ఆమె తీర్పుపై అప్పీలు లేదు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) వృద్ధాప్యంలో రాత్రి చదవవలసిన ఏడోవంతు భాగాన్ని పగలే ఇంట్లోవారికి వినిపించి సరిచూసుకునేవారట. ఇంట్లో ఒకరు వినడం అనే ఏర్పాటు అంత పాతది.

బహుమతి గురించి ఒక్క మాట. తలా వంద రూపాయలు పోగుచేసి గెలిచినవారికి ఇచ్చే పద్ధతిని ఉలమాలు జూదంతో సమానంగా చూస్తారు. అందరూ ఒడ్డి ఒకరు పట్టుకుపోవడమే కదా అది. పోటీలో లేని తాతగారో, మేనమామో తమ జేబు నుంచి ఇస్తే ఆ ఇబ్బంది లేదు. సందేహమున్నవారు మీ మస్జిద్ ఇమామ్ గారిని అడిగి, ఆ జవాబును కూడా నియమాల్లో చేర్చండి.

ఎంత ఆలోచించి నియమాలు రాసినా మధ్యలో ఏదో ఒక కొత్త ప్రశ్న వస్తుంది. అప్పుడు తీసుకున్న నిర్ణయం ఆ రోజు నుంచే అమలు కావాలి, గడిచిన రోజుల పాయింట్లను తిరగదోడకూడదు. వేలం పాట ముగిశాక ధర మార్చమంటే మార్కెట్లో ఒప్పుకుంటారా? నియమాలన్నీ ఒకే సందేశంగా రాసి గ్రూపు పైభాగంలో పిన్ చేసి ఉంచితే, మళ్ళీ మళ్ళీ అడిగే పని ఉండదు.

ముప్పై మంది కలిసి తలా ఒక పారా పంచుకుని సామూహిక ఖత్మ్ చేసే గ్రూపులకు ఇంకొక నియమం కావాలి. అక్కడ గ్రూపు ఒక ఖుర్ఆన్ పూర్తి చేసింది, ఒక్కొక్కరూ ఒక్కో పారా చదివారు. నేను ఖత్మ్ చేశానని ఎవరికి వారు చెప్పుకోవడానికి లేదు. చివరి రోజు అస్ర్ వేళకు కూడా ఒకటి రెండు పారాలు మిగిలే ఉంటాయి. తీసుకున్నవారు ఆస్పత్రిలో ఉండవచ్చు, మరచిపోయి ఉండవచ్చు. అప్పుడు ఆ పారాను నాలుగు పావులుగా విడదీసి, తీరిక ఉన్న నలుగురికి ఇచ్చి మగ్రిబ్‌లోగా చదివించాలి. పట్టికలో దాని ఎదురుగా పూర్తి అని మాత్రం రాయాలి. ఎవరు వదిలేశారు, ఎవరు చదివారు అన్న పేర్లు అక్కడ ఉండనక్కరలేదు.